చెయ్యి చూడందే పాఠం చెప్పను

ఈ శీర్షికలో రెండు నెలల క్రితం జాజ్ గురించి, నేను వాయించే డబుల్ బేస్ గురించి నాలుగు ముక్కలు రాశాను. ఎవరు చదువుతారులే అనుకున్నాను. నలభై పైచిలుకు ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది అడిగింది ఒకటే: దాన్ని ‘బాస్’ అనాలా, ‘బేస్’ అనాలా? బేస్ అనండి. బాస్ అంటే సెలవు ఇవ్వనివాడు.

కొత్తగా చదివేవాళ్ల కోసం: మాది కాకినాడ. అమ్మ ఇంట్లో వీణ పాఠాలు చెప్పేది. 1996లో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చాను. పదకొండేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి మానేశాను. ఇప్పుడు జెర్సీ సిటీలో ఉంటున్నాను. వారంలో మూడు నాలుగు రాత్రులు న్యూయార్క్‌లోనూ ఆ చుట్టుపక్కలా వాయిస్తాను. క్లబ్బయినా, హోటలయినా, పెళ్లయినా సరే. పగలు పాఠాలు, ఒక్కొక్కళ్లకి విడిగా. డబుల్ బేస్ అంటే మనిషిని మించిన ఎత్తుండే వయొలిన్ అనుకోండి. పక్కన నిలబడి ఒంటికి ఆనించుకుని, జాజ్‌లో ఎక్కువగా వేళ్లతో మీటుతాం.

ఇక ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్రశ్న: మేడమ్, నేను విజయవాడలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తాను. వీడియోలు చూసి వేలు ఎక్కడ పెట్టాలో పట్టేసి ముప్ఫై పాటల దాకా వాయించగలను. కానీ ఎవరైనా కాగితం మీద కార్డ్స్ పేర్లు, అంటే డి మైనర్ లాంటి స్వరాల గుంపుల పేర్లు, రాసిచ్చి వాయించమంటే చెమటలు పడుతున్నాయి. వాకింగ్ బేస్ అంటే ఏమిటి? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముప్ఫై పాటలు వచ్చాయంటే చేతికి పని తెలుసు బాబూ, టెన్షన్ వద్దు. నీకు లేనిదల్లా, తర్వాతి స్వరం ఏదో నువ్వే నిర్ణయించుకునే అలవాటు.

మన సినిమా పాటల్లో బేస్ అంటే చాలామందికి గుర్తొచ్చేది ఇళయరాజా గారి పాటలు. పల్లవి కింద ఇంకో పల్లవి నడుస్తున్నట్టు ఉంటుంది. కానీ అది ఆయన ముందే స్వరం స్వరం రాసిచ్చిన బేస్. జాజ్‌లో అలా రాసివ్వరు. ‘ఈ నాలుగు దెబ్బలు డి మైనర్, తర్వాతి నాలుగు దెబ్బలు జి సెవెన్త్’ అని పేర్లు మాత్రం ఇస్తారు. దారి మనం వేసుకోవాలి. దెబ్బకో స్వరం చొప్పున, ఆగకుండా, అడుగు తర్వాత అడుగులా నడిచిపోతుంది కాబట్టి దానికి వాకింగ్ అని పేరు.

ఇప్పుడే గిటార్ తీసుకో. డి మైనర్, జి సెవెన్త్, సి మేజర్. జాజ్ పాటల్లో ఈ మూడూ ఇదే వరసలో ఎన్నిసార్లు వస్తాయో లెక్కలేదు, వేర్వేరు శ్రుతుల్లో. ఎ తీగ మీద ఐదో మెట్టు, డి తీగ మీద మూడు, ఏడు, ఆరు. అవి మొదటి నాలుగు దెబ్బలు. ఆరు నుంచి ఒక్క మెట్టు కిందికి దిగితే ఐదు, అదే జి. అంటే ఇంకో కార్డ్ ఇంటి గుమ్మంలో ఉన్నావన్నమాట. అక్కణ్ణుంచి జి తీగ మీద నాలుగు, ఏడు, ఆరు. మళ్లీ ఒక్క మెట్టు దిగితే ఐదు. సి వచ్చేసింది.

కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లు సి ని షడ్జమం చేసుకుని పాడుకోండి: రి మ ద, తర్వాత శుద్ధ ధైవతం, ప. ప ని రి, తర్వాత శుద్ధ రిషభం, స. ఆ శుద్ధ ధైవతం, శుద్ధ రిషభం కార్డ్‌లో ఉన్న స్వరాలు కావు. నిలబడితే చెవికి గుచ్చుకుంటాయి. నిలబడవు, ఒక్క దెబ్బలో పక్కింట్లోకి జారిపోతాయి. వినేవాడికి మాత్రం ‘ఏదో రాబోతోంది’ అనిపిస్తుంది. వాకింగ్ బేస్‌లో రుచంతా ఆ నాలుగో దెబ్బలో ఉంది. మా శిష్యులకి దాన్ని పోపు అని చెబుతాను.

ఇక లయ. టిక్కులు కొట్టి లయ చూపే మెట్రోనోమ్‌ని నిమిషానికి 40 టిక్కుల మీద పెట్టు. ఆ టిక్కు మొదటి దెబ్బ అనుకోకు. రెండోది, నాలుగోది అనుకో. ఒకటి, మూడు నువ్వే మనసులో వేసుకోవాలి. మొదటి రోజు పదిసార్లకి ఏడుసార్లు తలకిందులై, టిక్కు ఒకటి మీదికి వచ్చేస్తుంది. అందరికీ అంతే. నాకు రెండు వారాలు పట్టింది, అదీ ఆఫీసుకి కారులో వెళ్తూ స్టీరింగు మీద వేళ్లతో కొట్టుకుంటూ. స్వరం తప్పిపోతే వెనక్కి వెళ్లి సరిచేయొద్దు. పోనివ్వు. మొన్న ఒక పెళ్లిలో నేను ఒక పాట మధ్యభాగం పూర్తిగా వేరే శ్రుతిలో మొదలుపెట్టాను. నాలుగు దెబ్బల్లో సర్దుకున్నాను. డాన్సు చేసేవాళ్లు ఒక్కరూ తలెత్తలేదు. అదే నేను ఒక్క దెబ్బ ఆగి ఉంటే హాలంతా తిరిగి చూసేది.

ఈ ఎనిమిది స్వరాలూ ఒక నెల వాయించి, రికార్డు చేసి పంపు. ఇంకో దారి చెబుతాను.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. బేస్ కొనాలి. నాలుగు తీగలదా, ఐదు తీగలదా? సరాసరి డబుల్ బేసే కొనేయమంటారా?

జవాబు: నాలుగు తీగల బేస్ గిటార్ కొనండి, సెకండ్ హ్యాండ్‌దయినా పర్లేదు. పన్నెండో మెట్టు దగ్గర నొక్కి, అదే తీగ ఖాళీగా మీటినప్పటి స్వరంతో పోల్చండి. సరిగ్గా ఒక స్థాయి పైన పలకాలి. పలక్కపోతే ముందు బ్రిడ్జి, అంటే తీగలు అడుగున ఆనే ముక్క, సర్దించి చూడండి, అప్పటికీ పలక్కపోతే వదిలేయండి. అయిదో తీగ సంగతి రెండేళ్ల తర్వాత చూద్దాం.

డబుల్ బేస్ ఇప్పుడే వద్దు. దానికి గది కావాలి, రిపేరు తెలిసిన మనిషి కావాలి. ఒక సెట్టు తీగలకే ఇక్కడ నూట యాభై, రెండు వందల డాలర్లు అవుతుంది. 1951లో లియో ఫెండర్ మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్‌ని అమ్మకానికి తెచ్చినప్పుడు దేశమంతా తిరిగే బ్యాండువాళ్లు ఊపిరి పీల్చుకున్నారంటే, మోయలేకే.

ప్రశ్న: అమ్మా, నేను విశాఖపట్నంలో ఉంటాను. బ్యాంకులో రిటైరయ్యాను, 61 ఏళ్లు. చిన్నప్పుడు నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. ఇప్పుడు బేస్ నేర్చుకుంటానంటే మా ఇంట్లో నవ్వుతున్నారు. ఈ వయసులో వస్తుందా? పిల్లలకి చెప్పే పాఠమే నాకూ చెబుతారా?

జవాబు: నవ్వనివ్వండి బాబాయ్ గారూ. మీ రెండో ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే నా వృత్తి దానిమీదే నడుస్తోంది.

నేను 2001లో డబుల్ బేస్ మొదలుపెట్టాను. మొదట నేర్చుకున్న చోట అందరికీ ఒకటే పాఠం, ఒకటే కాగితం. ఎడమచేతి నాలుగు వేళ్లూ అర స్వరానికొకటి చొప్పున పరచాలి. గిటార్ మీద అది మామూలే. డబుల్ బేస్ మీద తీగ పొడవే మూడున్నర అడుగుల దాకా ఉంటుంది. మెడ పైభాగంలో నాలుగు వేళ్లు అలా పరిస్తే చూపుడు వేలి నుంచి చిటికెన వేలికి ఆరంగుళాలు. నా చెయ్యి చాచితే బొటనవేలితో కలిపి ఏడున్నర. చాలదని చెప్పాను. సాధన చేస్తే సాగుతుందన్నారు. రోజుకి నాలుగు గంటలు సాగదీశాను. సాగింది చెయ్యి కాదు, నరం. మణికట్టు వాచిపోయి నాలుగు నెలలు వాయించలేదు. పప్పు గరిటె కూడా కుడిచేత్తోనే.

ఆ తర్వాత న్యూజెర్సీలోనే ఉన్న నూవర్క్ ఊళ్లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. మొదటి రోజు బేస్ సంచీలోంచి తియ్యనివ్వలేదు. నీళ్ల గ్లాసు చేతికిచ్చి పట్టుకోమన్నారు. గ్లాసు పట్టుకున్నప్పుడు నా వేళ్లు ఎలా వంగాయో అటు తిరిగి, ఇటు తిరిగి చూశారు. బొటనవేలు ఎక్కడుందో చూశారు. ‘ఇదే నీ చెయ్యి. గ్లాసు తీసేసి మెడ పెడదాం’ అన్నారు. చూపుడు వేలు, మధ్య వేలు, చిటికెన వేలు, ఈ మూడే. ఉంగరపు వేలు చిటికెన వేలికి తోడుగా పక్కన ఉండి బలం ఇస్తుందంతే. నాలుగంగుళాల పైచిలుకు చాలు. ఇదేమీ ఆయన కనిపెట్టింది కాదు. 19వ శతాబ్దంలో వియన్నాలో పాఠాలు చెప్పిన ఫ్రాంజ్ సిమాండల్ పద్ధతి, ప్రపంచంలో చాలామంది బేస్ వాళ్లు ఇప్పటికీ దాన్నే పట్టుకుని ఉన్నారు. మొదటి చోట నాకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఎందుకు చెప్పలేదో కూడా నాకు తెలుసు. ఎవరూ నా చెయ్యి చూడలేదు.

అందుకని నా దగ్గరికి ఎవరొచ్చినా మొదటి పాఠంలో సగం చూడ్డానికే సరిపోతుంది. ప్రస్తుతం 66 ఏళ్ల ఫార్మసిస్టు ఒకాయన వస్తున్నారు. పాత దెబ్బ వల్ల ఆయన చిటికెన వేలు వంగదు. ఆయనకి చూపుడు వేలు, ఉంగరపు వేలు పెట్టి, చెయ్యి ఎక్కువసార్లు జరుపుకునేలా వేరే పాఠం రాశాను. ఆయన వెనకాలే పదిహేడేళ్ల కుర్రాడు వస్తాడు. వేళ్లు గాలిలా తిరుగుతాయి, చెవి మాత్రం ఇంట్లో వదిలేసి వస్తాడు. వాడికి మూడు వారాలు ఎడమచేయి జేబులో పెట్టించాను. ఖాళీ తీగలు మీటుతూ కార్డ్ మూలస్వరం నోటితో పాడాలి. రెండో వారం వాళ్లమ్మ ఫోన్ చేసి ‘ఏంటండీ, డబ్బులిచ్చి పాడిస్తున్నాం’ అంది. నాలుగో వారం నుంచి ఫోన్ రాలేదు.

మీ సంగతి. నాలుగేళ్ల వయొలిన్ ఊరికే పోదు. మెట్లు లేని తీగ మీద శ్రుతి వెతుక్కోవడం మీ చెవికి తెలుసు, నా శిష్యుల్లో చాలామందికి ఏడాది పట్టేది అదే. ఒక్క తికమక ఉంటుంది. మీ వయొలిన్ తీగలు స, ప, స, ప. బేస్ మీద తీగకీ పక్క తీగకీ మధ్య స నుంచి మ దూరం: ఇ, ఎ, డి, జి. మీ వేళ్లు మొదట్లో పంచమం ఉందనుకుని మధ్యమం మీద వాలతాయి. ఒక నెల తిట్టుకుంటారు.

డబుల్ బేస్‌కి గది, రిపేరు మనిషి కావాలని పైన చెప్పాను కదా, విశాఖలో మీరు మెట్లు లేని బేస్ గిటార్‌తో మొదలుపెట్టండి, దాన్ని ఫ్రెట్‌లెస్ అంటారు. వాయించాక పొడి గుడ్డతో తీగలు తుడవండి. ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, కాకినాడ దాన్ని, నాకు తెలుసు. రోజుకి ఇరవై నిమిషాలు, మధ్యలో ఒకసారి లేచి నీళ్లు తాగండి. నొప్పి వస్తే ఆపండి. ‘కొంచెం నొప్పి మంచిదే’ అని ఎవరైనా అంటే వాళ్లని నా దగ్గరికి పంపండి, మణికట్టు చూపిస్తాను.

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటామండీ. మా అబ్బాయికి పదకొండేళ్లు. స్కూల్ ఆర్కెస్ట్రాలో వయొలిన్ అడిగితే ఖాళీ లేదని డబుల్ బేస్ ఇచ్చారు. రోజూ ఏడుపు. వేళ్లు బొబ్బలెక్కుతున్నాయి. మా అత్తగారు ‘ఆ పీపా ఎందుకు, మాన్పించెయ్’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పీపా అన్నారా! మీ అత్తగారు నాకు నచ్చారు.

ముందు సైజు చూడండి. లోపల చిన్న కాగితం అంటించి ఉండొచ్చు, లేకపోతే టీచర్‌ని అడగండి. పెద్దవాళ్లం మేం వాయించేదే ముప్పావు సైజు. పూర్తి సైజు అరుదు. పదకొండేళ్ల పిల్లాడికి సగటు ఎత్తయితే అర సైజు, చిన్నగా ఉంటే పావు సైజు. స్కూళ్లలో ఏది ఖాళీగా ఉంటే అది చేతిలో పెట్టేస్తుంటారు. ముప్పావుది ఇచ్చి ఉంటే వాడి ఏడుపులో న్యాయం ఉంది, వెళ్లి మార్పించండి. తీగలు ఫింగర్‌బోర్డుకి, అంటే వేళ్లతో నొక్కే పలకకి, మరీ ఎత్తుగా ఉన్నాయేమో కూడా చూడమనండి. బ్రిడ్జి ఒక్క పిసరు దించితే బొబ్బలు సగం తగ్గుతాయి. బ్రిడ్జి అంటే వీణకి గుర్రం లాంటిది. బొబ్బని చిదమనివ్వొద్దు. మూడు వారాలకి చర్మం గట్టిపడుతుంది.

ఇక వయొలిన్ దక్కలేదన్న బాధ. వాడికి జాజ్‌లో పెద్ద పేరున్న ముగ్గురు బేస్ వాళ్ల మాట చెప్పండి. మిల్ట్ హింటన్ వయొలిన్‌తో మొదలుపెట్టి బేస్‌కి వచ్చారు. రాన్ కార్టర్ పదేళ్ల వయసులో పట్టుకుంది సెల్లో, హైస్కూల్లో ఉండగా బేస్‌కి మారారు. అక్కణ్ణుంచి ఎంత దూరం వెళ్లారంటే, 2015లో గిన్నిస్ వాళ్లు లెక్కపెడితే ఆయన బేస్ ఉన్న రికార్డింగులు 2,221 తేలాయి. చార్లెస్ మింగస్ ట్రాంబోను, సెల్లో దాటుకుని వచ్చారు. నల్లవాళ్ల పిల్లలకి ఆ రోజుల్లో శాస్త్రీయ ఆర్కెస్ట్రా గుమ్మాలు మూసి ఉండేవి, అది వేరే కథ, పిల్లాడికి తర్వాత చెప్పొచ్చు. మింగస్ గురించి మాత్రం మీ అత్తగారికి ఒక మాట చెప్పండి. 1979లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారం భార్య అస్థికలు తీసుకొచ్చి గంగలో కలిపారు. పీపా మీద గౌరవం కాస్త పెరగొచ్చు.

ఈ ఏడాది ఆఖరి వరకు వాయించనివ్వండి. కచేరీ ఒకటి అయ్యాక వాడినే అడగండి. అప్పటికీ వయొలినే అంటే వయొలినే.

ప్రశ్న: రాజమహేంద్రవరం నుంచి రాస్తున్నాను. త్యాగరాజ కృతులు వింటూ పెరిగాను. జాజ్ వింటే ఎవరికి తోచింది వాళ్లు వాయిస్తున్నట్టు ఉంటుంది. కచేరీలో అప్పటికప్పుడు అల్లి పాడే మన మనోధర్మం లాంటిదేనా, లేక నిజంగానే ఎవరికి తోచింది వాళ్లా?

జవాబు: పోలిక ఉందండీ, సాగదీస్తే మాత్రం తెగుతుంది. కల్పనస్వరం పాడేటప్పుడు రాగం మారదు, తంబుర కదలదు. జాజ్‌లో కాళ్లకింద నేల కదులుతూ ఉంటుంది, కార్డ్స్ మారుతూ పోతాయి. మారేచోట మాత్రం ముందే ఒప్పందం. అది ఆవర్తనం లాంటిది. పన్నెండు బార్లో, ముప్ఫై రెండు బార్లో (బార్ అంటే ఇక్కడ నాలుగు దెబ్బల గుంపు) అయ్యాక మళ్లీ మొదటికి వస్తుంది. పైన సాక్సాఫోను ఎన్ని గంతులు వేసినా కింద ఆ చుట్టు తప్పదు. తప్పకుండా చూసేది బేస్, డ్రమ్స్.

నమ్మకం కుదరకపోతే చేతులతో లెక్కపెట్టి చూడండి. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 1959లో చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్‌లో మొదటి పాట పెట్టండి. మొదట పియానో, బేస్ ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు మెల్లగా ఏదో అనుకుంటాయి. తర్వాత బేస్ ఒక ప్రశ్న అడుగుతుంది. పియానో రెండు ముక్కల్లో జవాబు చెబుతుంది, కాసేపటికి ఆ జవాబు బాకాలు అందుకుంటాయి. పాటకి పల్లవి అదే, పల్లవి బేస్‌ది! వాయించిన పాల్ చేంబర్స్‌కి అప్పుడు 23 ఏళ్లు. ఇప్పుడు లెక్క: నాలుగు దెబ్బలు ఒక బార్. ఎనిమిది బార్లు, మళ్లీ ఎనిమిది. మూడో ఎనిమిది రాగానే మొత్తం పాట అర స్వరం పైకి జరుగుతుంది, ఎవరో కుర్చీతో సహా ఎత్తి పెట్టినట్టు. నాలుగో ఎనిమిదికి మళ్లీ కిందికి. మొత్తం ముప్ఫై రెండు. సోలోలు మొదలయ్యాక కూడా అదే చుట్టు. మూడుసార్లు వింటే ఆ ఎత్తు మీ ఒంటికి తెలుస్తుంది. మా అమ్మకి రెండోసారికే తెలిసింది, తాళం వేసుకుంటూ వింది కదా. ‘మరి గమకం ఏదే?’ అని కూడా అడిగింది. దానికి మాత్రం నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. బేస్ మీద స్వరాన్ని జార్చడం ఉంది గానీ, వీణ తీగని లాగినప్పుడు వచ్చే ఆ ఊపిరి వేరు.

ఇంకొకటి వినండి, అది కాస్త ఓపికతో. పియానో బిల్ ఇవాన్స్, డ్రమ్స్ పాల్ మోషన్, బేస్ స్కాట్ లఫారో. 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే క్లబ్బు. అందులో బేస్ కింద ఉండదు, పియానో పక్కన కూర్చుని మాటకి మాట చెబుతుంది. వెనక గ్లాసుల చప్పుడు కూడా వినిపిస్తుంది. పదకొండు రోజులకి లఫారో కారు ప్రమాదంలో పోయాడు. 25 ఏళ్లు. ఆ క్లబ్బు ఇప్పటికీ ఉంది, మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్లాలి. నేను శ్రోతగానే వెళ్లాను.

ప్రశ్న: పాఠానికి ఎంత తీసుకుంటారక్కా? నలుగురం కలిసి ఒకే బ్యాచ్‌లో చేరితే తగ్గిస్తారా? ఆన్‌లైన్‌లో నిజంగా వస్తుందా?

జవాబు: గంటకి 70 డాలర్లు. ఇండియా నుంచి అయితే 1,500 రూపాయలు. బ్యాచ్‌లు లేవమ్మా. తగ్గించడం ఇష్టం లేక కాదు. నలుగురి చేతులు ఒకేసారి చూడలేను, చూడకుండా చెబితే ఏమవుతుందో పైన రాశాను.

ఆన్‌లైన్‌లో వస్తుంది, కానీ కలిసి వాయించడం కుదరదు. నా చప్పుడు నీకు చేరేసరికి ఆలస్యం, నీది నాకు చేరేసరికి ఇంకాస్త. ఇద్దరం ఒకరి కోసం ఒకరు ఆగుతూ ఆగుతూ పాట నిద్రపోతుంది. అందుకని పియానో, డ్రమ్స్ మాత్రమే ఉన్న రికార్డింగు పంపుతాను. నువ్వు దాని మీద వాయించి పంపాలి. నేను రైల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటాను, నిమిషం సెకనుతో సహా రాసి పంపుతాను: ‘1:42 దగ్గర పరిగెత్తావు, ఎవరు తరిమారు?’ అని. నువ్వు కూడా హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి. బేస్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. దాంట్లో విని ‘నా బేస్ మోగట్లేదు’ అని కొత్త గిటార్ కొన్నవాళ్లు ఇద్దరు ఉన్నారు.

ఇండియా వాళ్లకి శనివారం, నాకు ఉదయం ఏడు, మీకు సాయంత్రం నాలుగున్నర. ఇక్కడ చలికాలం గడియారం మార్చగానే మీకు అయిదున్నర అవుతుంది. ఆ వారం ఎవరో ఒకరు గంట ముందు వచ్చి కూర్చోవడం ఏటా జరిగేదే.

ప్రశ్న: మేడమ్, అంత పెద్ద వాయిద్యాన్ని ఎలా మోసుకెళ్తారు? మీ వారు సాయం చేస్తారా?

జవాబు: మా వారు వారాంతాల్లో వంట చేస్తారు. మోసేది నేనే.

బేస్ అడుగున నేలకి ఆనే ఇనుప కడ్డీ ఉంటుంది, ఎండ్‌పిన్ అంటారు. అది తీసేసి ఆ కన్నంలో చక్రం బిగిస్తాం. ఇక కూరగాయల బండిలా తోసుకుపోవడమే. మా ఊళ్లో జర్నల్ స్క్వేర్ స్టేషన్లో రైలెక్కి న్యూయార్క్‌లో క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగుతాను. రద్దీ గంటల్లో ఎక్కను. రైల్లో తలుపుకి ఎదురుగా మూలన నిలబడి, బేస్‌ని గోడకి ఆనించి ముందు నేను అడ్డం నిలబడతాను, చిన్నపిల్లని కాచినట్టు. చలికాలం ఇంట్లో హీటర్ గాలి పొడిబారి చెక్క పగలకుండా గదిలో తేమ యంత్రం పెడతాను. ఒక జనవరిలో అది ఆగిపోయిన సంగతి చూసుకోలేదు. పొట్ట మీద జానెడు చీలిక. అతికించడానికి ఇచ్చిన డబ్బుతో కాకినాడ వెళ్లి రావచ్చు.

చక్రం బిగించేవాళ్లకి ఒక్క జాగ్రత్త. తీసిన ఎండ్‌పిన్ సంచీలోనే వేసుకోండి. ఒకసారి నేను దాన్ని వంటింటి గట్టు మీద పెట్టి వెళ్లిపోయాను. పెళ్లివాళ్ల హాలుకి వెళ్లాక చూసుకుంటే బేస్ నాకు కావలసిన ఎత్తు కంటే కిందికి దిగిపోయి ఉంది. హోటల్ కుర్రాడు పాల క్రేటు ఒకటి తెచ్చి బోర్లించాడు. దానిమీద నిలబెట్టి మూడు గంటలు వాయించాను, జారకుండా ఎడమకాలు అడ్డం పెట్టి. పెళ్లికొడుకు తాతగారు చివర్లో వచ్చి, ఆ క్రేటు వల్లే శబ్దం అంత బాగా వచ్చిందా అని అడిగారు.